కె. రాజు సంతకం

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ దినమున నాకు పదోన్నతి లభించినది. జీతం పెరగలేదు, కుర్చీ మారలేదు. అయినా లభించినది.

పొద్దున్నే గిరిప్రసాద్ సార్ లోపలికి పిలిచి తలుపు వేశారు. మా క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో మేనేజరు తలుపు వేస్తే తిట్లు. తలుపు వేసి టీ తెప్పిస్తే ఇంకా పెద్దదేదో ఉన్నట్టు. టీ వచ్చింది. నా అనుమానం అక్కడే మొదలైంది.

"చూడు తేజేష్, ఇరవయ్యో తారీఖున ఫారిన్ ఆడిట్. ఈసారి వాళ్లు మనతో మాట్లాడరంట. డైరెక్టుగా మెషీన్ దగ్గరికెళ్లి, రికార్డు చూపించి, ఈ సంతకం నీదేనా అని ఆపరేటర్లనే అడుగుతారంట. మనవాళ్లు నోళ్లు తెరుచుకు చూస్తే కొంప మునుగుద్ది. నువ్వు ఎమ్మే ఇంగ్లీషు కదూ?"

"ఒక సంవత్సరం చదివాను సార్."

"బోలెడు. మైన్, యువర్స్, హిజ్, హర్స్ నేర్పెయ్. అసలు మైన్ ఒక్కటొస్తే చాలు. ఏది చూపించినా మైన్ అనాలి."

"తనది కాకపోతే సార్?"

"కాకపోవడం ఏంటయ్యా?"

నిజమే. మా రికార్డుల్లో ప్రతి పనికీ రెండు గళ్లుంటాయి. పని చేసినవారు ఒక గడిలో, తనిఖీ చేసినవారు రెండో గడిలో సంతకం పెడతారు. ఎవరి గడి వారిది. మందుల కంపెనీలో ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడమంటే దొంగతనం కంటే పెద్ద నేరం, ఉద్యోగం అక్కడికక్కడే పోతుంది. ఆ రెండో గడి నాది. రోజుకు పాతిక పెడతాను. చూసే పెడతాను. అంటే, పేజీ చూసే పెడతాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

భోజనాలయ్యాక క్యాంటీన్ మూలన తొలి పాఠం. మొదటి బ్యాచ్ బ్లెండర్ సెక్షన్ వాళ్లు, ముగ్గురు.

కనకరాజన్న జనగామ వైపు మనిషి. పంతొమ్మిదేళ్లుగా ఈ నాచారం కంపెనీలోనే ఉన్నాడు. మందు పొడి కలిపే బ్లెండర్‌ను నడిపేదీ, తర్వాత కడిగేదీ ఆయనే. నవ్వడు. నవ్వనివాళ్ల మీద నాకు మొదటినుంచీ సదభిప్రాయం లేదు. సారలమ్మక్క జల్లెడలు, డబ్బాలు కడుగుతుంది. తాను టెన్త్ పాసైన సంగతి పరిచయంలోనే రెండుసార్లు చెప్పింది. మూడోవాడు రంజిత్, ఐటీఐ. టిఫిన్ బాక్సు మూతలో కూడా జుట్టు చూసుకునే రకం.

"మై పక్కన ఎప్పుడూ ఇంకో మాట ఉండాలి. మై బాక్స్. మైన్‌కు తోడక్కర్లేదు, ఒంటరిగా నిలబడుతుంది. దిస్ బాక్స్ ఈజ్ మైన్. మన నా, నాది ఉన్నట్టే."

"అంటే సార్, మై పెండ్లైనోడు, మైన్ బ్యాచిలర్," అన్నాడు రంజిత్.

"అలాగే గుర్తుపెట్టుకో. కానీ హిజ్ అలా కాదు. హిజ్ బాక్స్ అన్నా హిజే, బాక్స్ ఈజ్ హిజ్ అన్నా హిజే."

"గాడు పెండ్లైనా బ్యాచిలర్ లెక్కనే తిరుగుతడన్నట్టు."

సారలమ్మక్క చెయ్యెత్తింది. "సారూ, అవర్స్ అంటే మాదా, మనదా?"

"రెండూ అక్కా."

"గదెట్ల? మాది అంటే నువ్వు లేవు. మనది అంటే నువ్వున్నవ్. అవర్స్ అంటే దాంట్ల నువ్వున్నవా, లేవా?"

"ఇంగ్లీషులో అది చెప్పరక్కా. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి."

"గంత పెద్ద భాష, ఎదుటోన్ని కలుపుకున్నమా ఇడిసిపెట్టినమా అన్నది జెప్పదా!" అని బాక్సు మూత పెట్టేసింది.

ఈ ప్రశ్న ఎమ్మేలో వచ్చుంటే రెండో సంవత్సరం కూడా చదివేవాణ్ని.

కనకరాజన్న మాత్రం ఇట్టే పట్టేశాడు. తన టిఫిన్ బాక్సు చూపిస్తే మైన్. రంజిత్ చెప్పులకు హిజ్. సారలమ్మక్క గొడుగుకు హర్స్. నా హెల్మెట్ చూపించి అడిగితే నా కళ్లలోకి సూటిగా చూసి "యువర్స్" అన్నాడు. నేరం మోపినట్టుంది.

ఫిబ్రవరి 5

క్లాసు లేదు. ఇరవై ఆరు సంతకాలు. చెయ్యి నొప్పి.

ఫిబ్రవరి 6, గురువారం

ఏదో ఉంది.

ఇవాళ బాక్సులూ చెప్పులూ వదిలేసి అసలు సరుకు పట్టుకెళ్లాను. బ్లెండర్ కడిగిన రికార్డు. జనవరి పేజీ తీసి, పని చేసినవారి గడిలో 'కె. రాజు' అని ఉన్నచోట వేలు పెట్టి, ఫారిన్ దొరలా గొంతు మార్చి అడిగాను. "ఈజ్ దిస్ సిగ్నేచర్ యువర్స్?"



మళ్లీ అడిగాను. కనకరాజన్న పేజీ వైపు కాదు, గోడ మీద ఫ్యాను స్విచ్చు వైపు చూస్తున్నాడు. ఇంతలో రంజిత్‌కు దగ్గొచ్చింది. సారలమ్మక్కకు జల్లెడలు నానబెట్టిన సంగతి గుర్తొచ్చింది. మొన్నటిదాకా టిఫిన్ బాక్సును గర్వంగా మైన్ అన్న మనిషికి ఇవాళ ఆ మాట గొంతు దాటలేదు. మాట రాక కాదు. వచ్చే మాటే.

"సమజ్ కాలేదా అన్నా?" అన్నాను.

"సమజైంది," అని లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. చెయ్యి అప్పటికే కడుక్కున్నాడు. నేను చూశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రికార్డు పుస్తకాన్ని నా టేబుల్ దగ్గరికి తెచ్చుకున్నాను. అధికారికంగా పునఃపరిశీలన. అనధికారికంగా గూఢచర్యం.

'కె. రాజు'లో కె అక్షరానికి ఎప్పుడూ గుండ్రంగా ఒక తోక ఉంటుంది. జనవరి 20 నుంచి 23 దాకా నాలుగు రోజులు ఆ తోక లేదు. ఒకే మనిషికి తోక ఉన్న సంతకం, తోక లేని సంతకం. నాలుగు రోజుల్లో రాలిపోయి మళ్లీ మొలవడానికి అదేమన్నా బల్లి తోకా?

నా నిర్ధారణ: ఈయన డ్యూటీకి వచ్చి కార్డు కొట్టి మాయమవుతున్నాడు. వేరేవాళ్లు సంతకాలు పెడుతున్నారు. బ్లెండర్ ఎవరూ కడగడం లేదు. అదే నిజమైతే ఒక మందులో ఇంకో మందు కలిసి ఊళ్లోవాళ్లు మింగుతున్నారు. నేను తమాషాకి రాస్తున్నాను గానీ, ఈ ముక్క మాత్రం తమాషా కాదు.

రంజిత్ మీద కన్నేసి ఉంచాలి. ఇవాళ నన్ను చూసి నవ్వాడు.

ఫిబ్రవరి 8, శనివారం

షిఫ్టు అయ్యాక కనకరాజన్న ఎక్కడికెళ్తాడో చూద్దామని ఆయన ఎక్కిన బస్సే ఎక్కి వెనక సీట్లో నక్కాను. ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగాడు. దిగాను. అరటిపళ్ల బండి దగ్గర ఆగాడు. నేను మెట్రో స్తంభం చాటున ఆగాను. నేను సన్నమే గానీ స్తంభం చాలలేదనుకుంటా.

"ఏంది సారూ, బస్సుల వచ్చినవ్? బండి ఏడవాయె?"

"సర్వీసింగ్‌కు ఇచ్చానన్నా."

"మరి హెల్మెట్ ఎందుకు సంకల వెట్టుకున్నవ్?"

ఆలోచించాను. ఎంత ఆలోచించినా హెల్మెట్ సంకలోనే ఉంది.

"బస్సుల గూడ జర జాగ్రత్తగుండాలె తియ్," అని ఒక అరటిపండు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. దూరంగా వస్తున్న బస్సు నంబరు కళ్లు కూడా చికిలించకుండా చదివి ఎక్కాడు. నేను బండి కోసం మళ్లీ నాచారం పోయాను.

గేటు దగ్గర గిరిప్రసాద్ సార్ కారు ఆపి, క్లాసు ఎలా నడుస్తోందన్నారు. మాటవరసకు ఒక్క ముక్క చెప్పాను. సంతకాల్లో చిన్న తేడా ఉన్నట్టుందని. పేరు చెప్పలేదు. బ్లెండర్ ఆపరేటర్ అన్నాను, అంతే. బ్లెండర్ ఆపరేటర్ అంటే ఎవరైనా కావచ్చు. మా కంపెనీలో బ్లెండర్ ఒకటే.

ఫిబ్రవరి 10, సోమవారం

వ్రాత పరీక్ష పెట్టాను. 'దిస్ సిగ్నేచర్ ఈజ్ మైన్' అని పదిసార్లు రాసి, కింద 'కె. రాజు' అని కూడా పదిసార్లు రాయాలి.

"మా పేర్లున్నయ్ గద సార్. ఆయన పేరెందుకు?" అన్నాడు రంజిత్.

"ఉదాహరణకు."

"ఉదాహరణకు నీ పేరు రాస్తం," అంది సారలమ్మక్క.

"నా పేరులో కె లేదక్కా." అనకుండా ఉండాల్సింది.

రాశారు. కనకరాజన్న మాత్రం అద్దాలు ఇంట్లో మరిచిపోయానన్నాడు. ఖాళీ కాగితం మడిచి ఇచ్చాడు. శనివారం బస్సు నంబరు చదివిన కళ్లకు ఇవాళ అద్దాలు కావాలట. నేను కాగితాలు చేత్తో పట్టుకోకుండా కవర్లో వేసుకోవడం చూసి సారలమ్మక్క ముఖం మారింది.

"సారూ, గివి పరీక్ష పేపర్లా, పోలీస్ పేపర్లా?"

నవ్వాను. నవ్వితే నేను అమాయకంగా కనిపిస్తానని అమ్మ అంటుంది.

ఫిబ్రవరి 11

దొరికారు. తోక ఉన్న కె సారలమ్మక్కది. తోక లేని కె రంజిత్‌ది. జనవరి 20 నుంచి 23 దాకా సారలమ్మక్క సెలవులో ఉంది, హాజరు పట్టీ చూశాను. కేసు తేలిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. వీళ్లిద్దరూ సంతకాలు పెడుతుంటే ఆ పెద్దమనిషి ఏం చేస్తున్నాడు?

ఫిబ్రవరి 12, బుధవారం

అద్దాల కిటికీ అవతల నిలబడి చూశాను.

గంటా నలభై నిమిషాలు. కనకరాజన్న బ్లెండర్ లోపలికి నడుం దాకా దూరి, టార్చి లైటు పట్టుకుని, రబ్బరు అంచుల కింద వేలు పెట్టి, తోమాడు. కడిగాడు. ఆరబెట్టాడు. తెల్లగుడ్డతో తుడిచి గుడ్డను వెలుగులో చూశాడు. నచ్చలేదేమో, మళ్లీ మొదటినుంచి తోమాడు.

నేను చూస్తున్నానని తెలిసి నటిస్తున్నాడేమో అనిపించింది. సాయంత్రం రెండో బ్యాచ్ అయ్యాక ఆయనకు కనిపించకుండా మెట్ల మీంచి చూశాను. అదే వేలు, అదే గుడ్డ.

బ్లెండర్ లోపల మనిషి పట్టేంత చోటుంటుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 13, గురువారం

పని తనదే అయినప్పుడు సంతకం ఎందుకు తనది కాదు? పాత నేరాలేవన్నా ఉంటాయని రికార్డు గదిలో దుమ్ము పట్టిన పుస్తకాలు దింపాను. ఆరేళ్ల కిందటి పుస్తకం తెరిచాను.

'కనకరాజు'. తెలుగులో. క-కు తలకట్టు కొంచెం పెద్దది, జు కొమ్మును సాగదీసి పేరు మొత్తం కిందుగా లాగి ఒక గీత. పేజీ తిప్పితే అదే. ఇంకో పుస్తకంలోనూ అదే. కొన్ని వందల సంతకాలు చూశాను. ఒక్కటీ ఇంకోదానితో గొడవపడలేదు. నా సంతకాలే అలా ఉండవు.

పోయిన జూన్ 11 దాకా ఆ గీత ఉంది. జూన్ 12న 'కె. రాజు' వచ్చాడు, తోకతో సహా.

జూన్ 12న ఎవరో ఈయన్ని భయపెట్టారు. ఎవరో పట్టుకుంటాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

జల్లెడలు కడిగేచోట సారలమ్మక్కను ఒంటరిగా పట్టుకుని సూటిగా అడిగాను.

"అక్కా, రాజన్న సంతకం నువ్వే పెడుతున్నవ్. జూన్ల ఏమైంది?"

ఆమె నీళ్ల పంపు కట్టేసింది. చేతులు తుడుచుకుంది. దాచే ప్రయత్నమేమీ చేయలేదు.

"జూన్ల నోటీస్ పెట్టిన్రు గద సారూ. అందరు ఇంగ్లీషులనే సంతకం పెట్టాలె, లేకుంటే రికార్డు చెల్లదని. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను రాస్తున్న. నేను లేనినాడు రంజిత్ రాసిండు. పని ఆయనే చేస్తుండు, దేవుని మీద ఒట్టు. చేసుడు ఆయనది, రాసుడు మాది."

"అప్పుడే ఎవరినన్నా అడగచ్చు కదా?"

"ఏమని అడుగుతం? పద్దెనిమిదేండ్లు పెట్టిన సంతకం పనికిరాదన్నంక మనిషి ఏమంటడు? ఇంగ్లీషు రాదా అని మీరందరు నవ్వుతరని ఆయన నోరు తెర్వలే. ఎక్కడ దొరికిపోతమో అని నాకు రోజు గుండె దడే. నా బిడ్డ ఇంటర్ల ఉన్నది సారూ, గీ నౌకరి మీదనే సదువు." పంపు మీద చెయ్యేసి అంది. "గిప్పుడు నువ్వేం చేస్తవ్?"

"ఆ నోటీసు పెట్టిందెవరు?" అన్నాను, పళ్లు కొరికి.

"నాకేమెర్క? బోర్డు మీద ఇంక గట్లనే ఉన్నది, పోయి సూడు."

పోయి చూశాను. ప్రథమ చికిత్స పోస్టరు కింద సగం దాక్కుని ఉంది. ఆ వాక్యాల తీరు ఎక్కడో చూసినట్టుంది.

ఫిబ్రవరి 15

శనివారం. రింగ్ రోడ్డులో మిర్చీ బజ్జీలు తిన్నాను. రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఉంది.

ఆ నోటీసు తెలుగు నాది. జూన్‌లో గిరిప్రసాద్ సార్ ఇంగ్లీషు కాగితం ఇచ్చి, కిందివాళ్ల కోసం తెలుగులో రాసిపెట్టమన్నారు. నా కంప్యూటర్‌లో రెండూ ఉన్నాయి, నిన్ననే చూశాను. నిన్న బజ్జీలు కూడా తిన్నాను, అది అబద్ధం కాదు.

అసలు కాగితంలో ఉన్నది ఇంతే. అందరి సంతకాల నమూనాలుండే రిజిస్టర్‌లో పెట్టిన సంతకమే ప్రతిచోటా స్పష్టంగా పెట్టాలి. ఏ భాషైనా ఒకటే, రెండుచోట్లా ఒకేలా ఉంటే చాలు. 'స్పష్టంగా' అన్న మాటను తెలుగు చేస్తూ నేను ఇంకో మాట చేర్చాను. 'ఇంగ్లీషులోనే'. నన్నెవరూ చేర్చమనలేదు. సంతకమంటే ఇంగ్లీషులో ఉండాలని, అలా ఉంటేనే మర్యాదని నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. మా నాన్న బ్యాంకులో తెలుగు సంతకం పెడితే నేను పక్కకు తిరిగి నిలబడేవాణ్ని. చెల్లదన్న ముక్క కూడా నాదే. వాక్యం గంభీరంగా ఉంటుందని చేర్చాను.

నమూనా రిజిస్టర్ కూడా నేనే కొత్తగా మొదలుపెట్టాను. పొద్దున సెక్షన్‌కు పంపి సాయంత్రం తెప్పించుకున్నాను. ఎవరి ఎదుటా నిలబడలేదు. అందులో తోకతో సహా 'కె. రాజు' ఉన్నాడు.

ఇక ఆ పక్క గడి. జూన్ నుంచి ఇప్పటిదాకా బ్లెండర్ కడిగిన పేజీలు రెండు వందల పద్నాలుగు. అన్నిట్లోనూ తనిఖీ చేసినవారు నేను. ఆ రెండు వందల పద్నాలుగు సార్లలో బ్లెండర్ దగ్గరికి వెళ్లింది

తర్వాత రాస్తాను.

ఫిబ్రవరి 17, సోమవారం

సున్నా సార్లు.

ఇవాళ తలుపు వేశారు, టీ తెప్పించారు, బిస్కెట్లు కూడా.

"నువ్వు ఆవేళ గేటు దగ్గర చెప్పిన బ్లెండర్ వ్యవహారం నేను కూడా చూశానయ్యా. ఆ కనకరాజు సంతకాలు రెండు రకాలు. ఎవరో పెడుతున్నారు. నువ్వేదో చేతిరాతలు తీసుకున్నావంటగా? భలే పని చేశావ్. అవి ఇచ్చెయ్. వాడినీ, ఆ రాసినవాళ్లనీ బుధవారంలోపు పంపించేద్దాం. దొంగ సంతకాలు మేమే పట్టుకున్నాం, తీసేశాం అంటే ఆడిట్‌లో మార్కులు పడతాయి."

"ఎవర్ని సార్?"

"అందర్నీ."

కాగితాలు ఇంట్లో ఉన్నాయన్నాను. నా డెస్కు సొరుగులో ఉన్నాయి. ఇది అబద్ధమే, రాసుకుంటున్నాను.

బిస్కెట్లు తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

నోరు మూసుకుంటే నాకేం కాదు. పైగా మెచ్చుకుంటారు. నోటీసు పీకేసి, ఫైలు చెరిపేస్తే ఎవరికీ తెలియదు. పొద్దుట ఆరింటినుంచి ఎనిమిదిదాకా ఈ ఆలోచన నాది కాదన్నట్టు పక్కన నిలబడి విన్నాను. నాదే.

మధ్యాహ్నం క్లాసులో కవరు తెరిచి ఎవరి కాగితం వాళ్లకు తిరిగిచ్చాను. ఖాళీ కాగితం కూడా. మేనేజరు ఏమన్నారో దాచకుండా చెప్పాను. నోటీసులో ఆ మాట చేర్చింది నేనేనని కూడా చెప్పాను.

రంజిత్ జుట్టు మీంచి చెయ్యి తీశాడు. "సార్, మా నౌకర్లు వోతయా?"

"పోకుండా చూస్తా."

"నువ్వు సూసే తీరు ఎర్కనే," అన్నాడు కనకరాజన్న.

రెండు వారాల్లో ఆయన నాతో అన్న అతి పొడుగైన వాక్యాల్లో ఇదొకటి. ఆయన ఇంకా ఆపలేదు. "ఎనిమిది నెలలు సారూ. కడిగినంక గా గడి కాడికి వచ్చి, పెన్ను సారలమ్మకిచ్చి పక్కన నిలవడుడు. నా సేతుల్తోని తోమినదాన్ని నాది అనరాకుండ చేసినవ్. ఒక్కనాడన్న కిందికొచ్చి సూసుంటే తెలుస్తుండె."

క్షమించమన్నాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 19, బుధవారం

డీవియేషన్ రాశాను. అంటే జరిగిన తప్పును ఎవరో పట్టుకోకముందే మనమే ఒప్పుకుంటూ రాసే కాగితం. నోటీసులో చేర్చిన మాట నాది. చూడకుండా పెట్టిన రెండు వందల పద్నాలుగు సంతకాలు నావి. పని నిజంగా జరిగిందనడానికి మెషీన్ గంటల లెక్క, ప్రతిసారీ లాబ్ వాళ్లు తీసిన శాంపిల్ ఫలితాలు జతచేశాను. ఆ ఫలితాలన్నీ బాగున్నాయి. ఊళ్లోవాళ్లు ఏ మందులోనూ ఇంకో మందు మింగలేదు. 

గిరిప్రసాద్ సార్ చదివి లేచి నిలబడ్డారు.

"నీకు మతుందా? రేపు ఆడిట్ పెట్టుకుని ఇవాళ ఇదా? ఆ ముగ్గుర్నీ పంపిస్తే పోయేదానికి మొత్తం డిపార్ట్‌మెంట్‌ని బజారున పడేస్తావా? నీ ఉద్యోగం ఉండదు, తెలుసా?"

"తెలుసు సార్."

"నేను సంతకం పెట్టను."

అప్పుడు బోర్డు మీంచి పీకి తెచ్చిన నోటీసు ఆయన ముందు పెట్టాను. కింద ఎడమవైపు తయారు చేసినవారు, నేను. కుడివైపు ఆమోదించినవారు.

ఆయన తన సంతకం చూసుకున్నారు. ఆ సంతకం పొడుగ్గా, దర్జాగా, ఇంగ్లీషులో ఉంది.

"ఇది నేను చదవలేదయ్యా," అన్నారు చివరికి. మామూలు గొంతుతో.

"ఎవరూ చదవలేదు సార్. కనకరాజన్న చదివాడు."

టీ రాలేదు. డీవియేషన్ మీద సంతకం వచ్చింది.

ఫిబ్రవరి 20, గురువారం

ఆడిట్ ఆవిడకు అరవై ఉంటాయి. అందరికంటే నెమ్మదిగా నడిచింది, అన్నిటికంటే ఎక్కువ చూసింది. మా డీవియేషన్ పొద్దున్నే చదివేసి కూడా, చదవనట్టే బ్లెండర్ దగ్గరికొచ్చింది. నాకు ఆవిడ మీద అనుమానం కలిగింది. గౌరవం కూడా.

జనవరి పేజీ తీసి కనకరాజన్నను అడిగింది. "ఈజ్ దిస్ సిగ్నేచర్ యువర్స్?"

గిరిప్రసాద్ సార్ కళ్లు మూసుకున్నారు.

"నో మేడం," అన్నాడు కనకరాజన్న. సారలమ్మక్క వైపు చెయ్యి చూపించాడు. "హర్స్." జనవరి 21 మీద వేలు పెట్టి రంజిత్‌ను చూపించాడు. "హిజ్." ఆ తర్వాత బ్లెండర్ మీద అరచెయ్యి ఆనించాడు. "వర్క్, మైన్."

ఆవిడ టార్చి అడిగి తీసుకుంది. బ్లెండర్‌లోకి వంగింది. రబ్బరు అంచు కింద వేలు పెట్టి, బయటికి తీసి, వెలుగులో చూసుకుంది. కనకరాజన్న ఆవిడ వేలినే చూస్తున్నాడు.  ఆవిడ తలూపింది.

తర్వాత రెండో గడి మీద వేలు పెట్టి అందరి మొహాలూ చూసింది. "అండ్ దిస్ వన్?"

రెండు వారాలు పాఠం చెప్పినవాణ్ని. నోరు తెరిస్తే తెలుగు వచ్చింది. "నాది మేడం."

రంజిత్ దగ్గాడు. ఈసారి నిజంగా నవ్వాపుకోవడానికే.

ఫిబ్రవరి 24, సోమవారం

ఆడిట్ నివేదికలో మా మీద పెద్ద తప్పు ఒకటి రాశారు. తనిఖీ సంతకం పెట్టేవాళ్లు పని చూడటం లేదని. ఆపరేటర్లు ముగ్గురికీ ఏమీ లేదు, మళ్లీ శిక్షణ ఇవ్వాలన్నారు. కొత్త నమూనా రిజిస్టర్ తెరిచారు, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు, ఒకరి ఎదుట ఒకరు. సారలమ్మక్క వచ్చి చెప్పింది, రాజన్న జు కొమ్మును పక్క గడిలోకి లాగేశాడని. ఎనిమిది నెలల బాకీ అట.

నాకు మెమో. మార్చి ఒకటి నుంచి స్టోర్స్‌కు బదిలీ. రెండేళ్లు ఇంక్రిమెంట్ లేదు. ఉద్యోగం ఉంది. మెమో అందినట్టు సంతకం పెట్టమన్నారు. రెండు పేజీలూ చదివేసరికి సార్ రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

ఫిబ్రవరి 27

కనకరాజన్న మాట్లాడటం లేదు. ఎదురుపడితే నమస్తే పెడుతున్నాడు. అదే ఎక్కువ భయంగా ఉంది.

మార్చి 3, సోమవారం

స్టోర్స్‌లో మొదటి రోజు. పౌడర్ డ్రమ్ములు నలభై వచ్చాయని రాసి సంతకం పెట్టమన్నారు. వెళ్లి లెక్కపెట్టాను. నలభయ్యే. ఒక్కటీ తక్కువ లేకపోవడం నాకు నచ్చలేదు, మళ్లీ లెక్కపెట్టాను. నలభయ్యే.

పదకొండింటికి కనకరాజన్న ట్రాలీ తోసుకుంటూ సరుకు కోసం వచ్చాడు. చీటీ రాసుకొచ్చాడు. అంకెలు, తారీఖు ఆయనవే. కౌంటరు మీద వంగి, మెల్లగా, కింద గీతతో సహా సంతకం పెట్టాడు. వెనక ఇంకో రెండు ట్రాలీలు ఆగాయి. ఎవరో "జల్దీ అన్నా" అన్నారు. ఆయన జల్దీ చేయలేదు.

చీటీ నా వైపు తిప్పాడు. నేను పెన్ను తీశాను.

"సదువు."

"చదువుతున్నానన్నా."

చదివాను. సరుకు పేరు సరే. బరువు సరే. బ్యాచ్ నంబరు... వెనకవాళ్లు గొణుగుతున్నారు. మళ్లీ చదివాను. బ్యాచ్ నంబరులో చివరి అంకె తప్పు. డ్రమ్ము మీద ఏడు, చీటీలో ఒకటి. పొరపాటున పడేది కాదు. ఆయన చేతి ఏడు ఎలా ఉంటుందో ఆరేళ్ల పుస్తకాల్లో చూసినవాణ్ని.

"అన్నా, ఇది ఏడు కావాలి."

"అవునా?" అన్నాడు, ఆశ్చర్యం ఏమాత్రం లేకుండా. అడ్డంగా ఒక్క గీత కొట్టి, పైన ఏడు రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. "సూస్తున్నవో లేదో అని రాసిన."

"కావాలనా?"

డ్రమ్మును ట్రాలీ మీదికి దొర్లించుకున్నాడు. రంజిత్ చెప్పేవాడు ఆయన నవ్వుతాడని, నేను నమ్మలేదు. పైపళ్లలో ఒకటి లేదని ఇవాళ తెలిసింది.

"రేపు ఇంకోకాడ పెడత," అన్నాడు. "దొర్కవట్టు."